ఆఖరి బండి చేతి కర్ర

రోడ్డు పనుల దగ్గర బోర్డు పట్టుకుని నిలబడే మనిషిని ఎవరూ మనిషనుకోరు. స్తంభం అనుకుంటారు. ఎర్ర వైపు తిప్పితే తిడతారు, పచ్చ వైపు తిప్పితే ముఖమైనా చూడకుండా వెళ్ళిపోతారు. పదకొండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. డ్రైవర్లు నాకు పెట్టిన పేరు బోర్డమ్మ. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నారనుకునే దాకా వచ్చింది.

ఆ పాత రోడ్డును ఎనిమిది వరసల రోడ్డు చేస్తామన్నారు. చేసే ముందు దాని కింద ఉన్నవన్నీ పక్కకు జరపాలి. నీళ్ళ పైపులు, కరెంటు కేబుళ్ళు, టెలిఫోను తీగలు, ఎవరు ఎప్పుడు పాతారో ఎవరికీ తెలియని ఇనప గొట్టాలు. ఇంజనీరమ్మ చేతిలోని మ్యాపులో మూడు గీతలుంటే భూమిలో ఏడుండేవి. తవ్విన ప్రతిసారీ ఆవిడ తల పట్టుకుని కూర్చునేది. మ్యాపు గీసినవాడు ఇంట్లో కూర్చుని గీశాడని నేను అంటే నవ్వేది కూడా.

పని జరిగే చోటు అర కిలోమీటరు. ఒక పక్క ఎత్తయిన రాతి గోడ. ఇంకో పక్క మనిషి లోతు కందకం. మధ్యలో ఒక్క బండి పట్టేంత దారి, సరిగ్గా నడుమ పెద్ద మలుపు. ఈ చివర నేను, ఆ చివర బాబాయ్. మాకు చుట్టరికమేమీ లేదు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో ఉంటే పిన్ని కూరలు తరగమంటోందని, ఆ బాధ పడలేక ఈ పనిలో చేరానని చెప్పేవాడు.

మలుపు వల్ల మేమిద్దరం ఒకరికొకరం కనపడం. వాకీటాకీ గరగరమనడమే తప్ప మాట దాటించేది కాదు. ఫోను కాసేపు ఉండేది, కాసేపు ఉండేది కాదు. అందుకని కర్ర పద్ధతి పెట్టుకున్నాం. మూరెడు కర్ర, ఎర్ర రంగు వేసి, చివర నీలం తాడు కట్టి ఉండేది. నా వైపు నుంచి పది బండ్లు వదిలితే, పదో బండి డ్రైవరు చేతిలో కర్ర పెడతాను. అతను అవతలి చివర బాబాయ్‌కి ఇస్తాడు. కర్ర ఇచ్చాడంటే, నా వెనక ఇంకెవరూ లేరు, దారి ఖాళీ అని చెప్పినట్టు. అప్పుడు బాబాయ్ తన వైపు బండ్లు వదిలి, ఆఖరి బండికి అదే కర్ర ఇచ్చి పంపుతాడు. కర్ర ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ళది. కర్ర రాకుండా ఒక్క సైకిలు కూడా కదలకూడదు. మా పనికున్న ఒకే ఒక్క నియమం ఇది.

ఆ నియమాన్ని నేను ఒక్కసారి తప్పాను.

పట్టపగలు, మధ్యాహ్నం మూడింటప్పుడు. బాబాయ్ ఫోన్ చేశాడు. "ఆఖరి బండికి కర్ర ఇచ్చానమ్మాయ్. పాత వ్యాను. ఏదో తవ్వకం కూలీల గ్యాంగనుకుంటా, వెనక ఏడెనిమిది మంది కూర్చున్నారు. అందరి చేతులూ మోచేతుల దాకా మట్టే."

బండ్లు ఒక్కొక్కటీ వచ్చాయి. వ్యాను రాలేదు. పది నిమిషాలు చూశాను. ఇరవై నిమిషాలు చూశాను. నా వెనక బండ్ల వరస పెట్రోలు బంకు దాటిపోయింది. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. కారులోంచి ఒకాయన దిగి నా మీద అరుస్తున్నాడు, నేనేమీ తక్కువ తినలేదు. ఆ గొడవలో వ్యాను నన్ను దాటిపోయి ఉంటుందనుకున్నాను. కర్రని సీటు కింద పడేసి ఇంటికి తీసుకెళ్ళిపోయే డ్రైవర్లు మాకు కొత్త కాదు.

బాబాయ్ మళ్ళీ ఫోన్ చేశాడు. "వ్యాను వచ్చిందా?"

"ఆఁ, వచ్చింది. వెనక ఇంకెవరూ లేరు. నా బండ్లు వదులుతున్నా," అన్నాను.

కర్ర దారిలో ఎక్కడో పోయిందని ఆ పూటకి ఫోన్ల మీద నెట్టుకొచ్చి, సాయంత్రం పని ముగిశాక నిజం చెప్పాను. ఇద్దరం కలిసి ఆ అర కిలోమీటరూ నడిచాం. గోడ గోడలాగే ఉంది, కందకం కందకంలాగే ఉంది. బండి పడిన గుర్తు లేదు. పక్కకి తిరగడానికి సందు లేదు. ఒక వ్యాను, అందులో అంతమంది మనుషులు... ఎక్కడికి పోతారు? బాబాయ్ ముఖం చూస్తే నాకే భయమేసింది. ఇంజనీరమ్మకి చెబుదామా అన్నాడు. చెబితే ఇద్దర్నీ ఇంటికి పంపుతుందన్నాను. ఒక పార పిడి విరగ్గొట్టి, రంగు వేసి, ఈసారి పసుపు టేపు చుట్టి కొత్త కర్ర చేసుకున్నాం. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఇది జరిగిన మూడు వారాలకి కరెంటు కేబుల్ మార్చే రోజు వచ్చింది.

మా తమ్ముడు కేబుల్ జాయింటరు. తెగిన కేబులునీ కొత్త కేబులునీ అతికించే పని వాడిది. వాడికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి పెంచింది నేనే. ఇప్పుడు ముప్ఫై ఆరేళ్ళు వాడికి, ఇద్దరు పిల్లల తండ్రి, నుదుటి మీద జుట్టు కూడా పోయింది. అయినా వాడు కనపడితే నా నోట్లోంచి వచ్చే మొదటి మాట, తిన్నావా అని.

సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆ చుట్టుపక్కలంతా కరెంటు ఆపేశారు. మలుపు దగ్గర కందకంలో గొయ్యి తీసి, పైన గుడారం వేసి, అందులో వాడిని దింపారు. ఒకసారి కేబులు విప్పాక అయ్యేదాకా లేవకూడదు. రాగి తీగలు కలపాలి, చుట్టాలి, గ్యాసు మంటతో పైన తొడుగు బిగించాలి. మధ్యలో వదిలేస్తే చెమ్మ దిగి మొత్తం పాడవుతుంది. వాడి సహాయకుడికి జ్వరం రావడంతో ఆ రోజు ఒక్కడే కూర్చున్నాడు.

దిగే ముందు నా దగ్గరికొచ్చాడు.

"ఏమైనా కావాలంటే ఫోన్ చెయ్," అన్నాను.

"చేస్తే బోర్డు వదిలేసి వస్తావా?"

"చచ్చినా రాను. ఇక్కణ్ణించే ఎర్ర వైపు చూపిస్తా."

"నాకు తెలుసులే. నా పెళ్ళిలో కూడా నువ్వు భోజనాల దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టినదానివి," అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండింది.

ఆరున్నరకే చీకటి పడింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. వీధి దీపాలు లేవు, దుకాణాల వెలుగు లేదు. నా వెనక ఆగిన బండ్ల లైట్లే గతి. ముందు ఇటికల లారీ, దాని వెనక కార్లు, ఆటోలు. మలుపు వైపు నుంచి నీళ్ళు తోడే డీజిల్ మోటారు చప్పుడు ఆగకుండా వస్తోంది. గుడారం దగ్గర కాలిన రబ్బరు వాసన గాలిలో తేలి వచ్చేది. ఆ వాసన వచ్చినంతసేపూ తమ్ముడి పని సాగుతోందని నాకు ధైర్యం.

నా బండ్లు వదిలి, ఆఖరి స్కూటరతనికి కర్ర ఇచ్చాను. కాసేపటికి బాబాయ్ వైపు బండ్లు రావడం మొదలైంది. ఆరు వచ్చాయి. తర్వాత ఖాళీ.

మోటారు చప్పుడు ఆగింది.

ఏ శబ్దమైనా ఆగిపోయాక గానీ అది ఎంత పెద్దదో తెలియదు. చినుకులు నా టోపీ మీద పడటం వినపడింది. రబ్బరు వాసన పోయింది. దాని బదులు ఇంకో వాసన... ఎన్నో ఏళ్ళుగా మూసి ఉన్న పైపు కోసినప్పుడు వచ్చే వాసన. తుప్పు, కుళ్ళిన నీళ్ళు, తడి బంకమన్ను.

మలుపు దగ్గర ఒక లైటు కనపడింది. ఒక్కటే. పసుపు పచ్చగా, కిందకి వాలి ఉంది.

ముందు మోటారు సైకిలు అనుకున్నాను. దగ్గరికొచ్చాక తెలిసింది, వ్యాను. ఒక లైటు లేదు. నా పక్కనే ఆగింది. ఇంజను చప్పుడు లేదు. బానెట్ మీద చినుకులు పడుతున్నాయి, వాటి చప్పుడూ లేదు. కిటికీ అద్దం దించి ఉంది. మోచేతి దాకా మట్టి అంటిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది. ఆ చేతిలో కర్ర. ఎర్ర రంగు, చివర నీలం తాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"తీసుకో అమ్మా," అన్నాడు లోపలున్న మనిషి. గొంతు గుసగుసలా ఉంది. ముఖం కనపడలేదు. లైట్లన్నీ వ్యాను మీదే పడుతున్నాయి, ముఖం మాత్రం కనపడలేదు.

చెయ్యి చాచబోయాను. అబద్ధమెందుకు, పదకొండేళ్ళ అలవాటు. కర్ర కనపడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. సగం దాకా వెళ్ళాక ఆపుకున్నాను.

వెనక నుంచి ఇటికల లారీ డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "ఏంటి బోర్డమ్మా, కర్ర వచ్చిందిగా! తీసుకుని వదులు!"

అంటే అతనికీ కనపడుతోంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నాకొక్కదానికే కనపడితే మతి పోయిందనుకునేదాన్ని.

బాబాయ్‌కి ఫోన్ కలిపాను. అదృష్టం, మోగింది.

"బాబాయ్... కర్ర ఎవరికిచ్చావ్?"

"ఎవరికీ ఇవ్వలేదమ్మాయ్. పసుపు టేపు కర్ర నా చేతిలోనే ఉంది. ఇంకో నాలుగు బండ్లు ఉన్నాయి, వాటిని పంపుతూ చివరిదానికి..." ఫోన్ తెగిపోయింది.

ఇంకో నాలుగు బండ్లు ఎదురొస్తున్నాయి. నేను ఈ కర్ర తీసుకుని లారీని వదిలితే ఎక్కడ కలుస్తాయి? మలుపు దగ్గర. మలుపు పక్కన ఏముంది? మా తమ్ముడి గుడారం. ఇటికల లారీ పక్కకి తిప్పితే పడేది వాడి నెత్తి మీదే.

బోర్డుని ఎర్ర వైపు పెట్టి నేలకి గట్టిగా నొక్కాను.

"తీసుకోను," అన్నాను.

"తీసుకో అమ్మా. చాలా రోజులైంది... మేం బయటికి రావాలి."

"రండి. ఎవరొద్దన్నారు? కర్ర మాత్రం తీసుకోను."

వ్యాను వెనక భాగంలో ఎవరో కదిలారు. తడి బట్టలు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు.

"మా గ్యాంగులో జాయింటరు లేడమ్మా," అన్నాడు. "పని సగంలో ఉండిపోయింది. అది అయితేగానీ మాకు ఇల్లు లేదు. ఒక్క మాట చాలు. వెనక ఎవరూ లేరని ఒప్పుకో. ఆ రోజు అన్నావుగా... ఎంత తేలిగ్గా అన్నావు."

అప్పుడు అర్థమైంది వాళ్ళకి కావలసిందేమిటో. కర్ర తీసుకోవడమంటే వెనక ఎవరూ మిగల్లేదని నేను సాక్ష్యం చెప్పడం. లోపల గుడారంలో ఉన్నది మా తమ్ముడు. ఎవరూ లేరని నేను ఒప్పుకుంటే... వాడు ఇక వాళ్ళవాడు.

"అక్కా."

వ్యాను లోపల నుంచి. మా తమ్ముడి గొంతు.

"అక్కా, తీసుకో. పని అయిపోయింది. చలేస్తోంది... ఇంటికి పోదాం."

ఆ గొంతులో ఒక్క తేడా ఉన్నా నాకు ధైర్యం వచ్చేది. లేదు. అచ్చం వాడిదే. జలుబు చేసినప్పుడు చివర కొంచెం సాగదీస్తాడు, అదీ ఉంది. నిజంగా వాడేనేమో. వాడు లోపల కూర్చుని తడిసిపోతుంటే ఇక్కడ నేను పంతానికి పోతున్నానేమో.

"నువ్వే అయినా సరే," అన్నాను. "నువ్వే అయితే తలుపు తీసుకుని దిగి నడిచి రా. నీకు కాళ్ళున్నాయి. బండిలో కూర్చుని చెప్పిన మాట నేను వినను."

తలుపు తెరుచుకోలేదు.

"ఏమ్మా, నిద్రపోతున్నావా?" లారీ డ్రైవరు మళ్ళీ. వెనక హారన్లు అందుకున్నాయి. ఒకటి, పది, ముప్ఫై. ఆటోవాళ్ళ కేకలు. తీసుకో, తీసుకో, వదులు, వదులు. చచ్చినవాళ్ళూ బతికినవాళ్ళూ అందరూ ఒకే మాట మీద ఉన్నారు. నాకు భయం పోయి తిక్క రేగింది.

"నోరు మూసుకోండి!" అని అరిచాను. ఎవర్నని అరిచానో నాకే తెలియదు. "ఇక్కడ బోర్డు పట్టుకున్నది నేను! నేను వదిలితేనే కదులుతారు!"

మట్టి చెయ్యి మెల్లగా లోపలికి పోయింది. వ్యాను వెనక్కి జరగడం మొదలైంది. తిరక్కుండా, అలాగే నా వైపు చూస్తూ, ఒంటి లైటుతో వెనక్కి వెనక్కి... మలుపు దాకా. మలుపు దగ్గర లైటు ఆరిపోయింది.

కాసేపటికి నాలుగు లైట్ల జతలు కనపడ్డాయి. బాబాయ్ పంపిన బండ్లు. చివరి కారులోని ఆవిడ పసుపు టేపు కర్ర నా చేతిలో పెట్టింది.

"దారిలో వ్యాను ఎదురైందా అమ్మా?" అడిగాను.

"వ్యానా? ఏ వ్యానూ లేదే," అందావిడ. "గుడారం చుట్టూ మాత్రం మనుషులు నిలబడి ఉన్నారు. ఏడెనిమిది మంది. మీ వాళ్ళే కదా?"

కర్ర నా చేతిలో ఉంది. అసలు కర్ర. కర్ర ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ళది. ఇప్పుడు దారి నాది. లారీ దగ్గరికెళ్ళి, మెట్టెక్కి, డ్రైవరు నోరు తెరిచేలోపు ఇంజను ఆపి తాళం చెవి లాక్కున్నాను.

"ఇదేం దౌర్జన్యం బోర్డమ్మా!"

"దౌర్జన్యమే. లారీ ఇక్కడే అడ్డంగా ఉంటుంది. నేను తిరిగొచ్చేదాకా దోమ కూడా లోపలికి రాకూడదు."



ఒక చేతిలో బోర్డు, ఒక చేతిలో కర్ర, నోట్లో టార్చి పెట్టుకుని నడిచాను. రెండు వందల యాభై మీటర్లు. రోజూ నడిచే దారే. ఆ రోజు అది తరగలేదు. గోడ రాళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కందకంలో పాత పైపులు వరసగా పడుకుని ఉన్నాయి. వాటి నోళ్ళలోంచి ఆ వాసన. నేను నడుస్తుంటే వెనక ఎవరో నడుస్తున్నట్టు... ఆగితే ఆగుతోంది. తిరిగి చూడలేదు. చూసి చేసేదేముంది?

గుడారం కనపడింది. లోపల బ్యాటరీ దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో గుడారం గుడ్డ మీద నీడలు. ఏడు... ఎనిమిది. లోపలికి వంగి చూస్తున్నట్టు. ఇంకా దగ్గరికెళితే గుడారం బయట నిలబడ్డ మనుషులే కనపడ్డారు. నాకు వీపులు పెట్టి నిలబడ్డారు. ఎవరూ కదలట్లేదు. వాళ్ళ బట్టల మీద నుంచి బురద నీళ్ళు కారుతున్నాయి, కింద మాత్రం నేల పొడిగా ఉంది.

లోపల తమ్ముడు మాట్లాడుతున్నాడు. ఎవరికో జవాబు చెబుతున్నట్టు, "ఊఁ... ఊఁ... సరేలే," అంటున్నాడు.

వాళ్ళ మధ్యలోంచి వెళ్ళాను. ఇంకో దారి లేదు. భుజాలు తగిలాయి. మనిషి భుజాల్లా లేవు. తడి మట్టి బస్తాల్లా ఉన్నాయి, చల్లగా. ఊపిరి బిగబట్టి గోతిలోకి దూకాను. తమ్ముడు తల ఎత్తలేదు. గ్యాసు మంట కేబులు చుట్టూ తిప్పుతున్నాడు. బతికే ఉన్నాడు. ముక్కు చీదుతూ, చెమట కారుతూ, బతికే ఉన్నాడు. ఏడుపొచ్చేసింది నాకు. వాడి వీపుకి నా వీపు ఆనించి నిలబడి, బోర్డుని ఎర్ర వైపు వాళ్ళకి చూపించాను.

గుడారం గుమ్మంలోకి ఆ చెయ్యి వచ్చింది. నీలం తాడు కర్ర.

"వెనక ఎవరూ లేరని ఒక్క మాట..."

"ఉన్నారు!" అన్నాను. "నా వెనక మా తమ్ముడున్నాడు. వాడికి నేనున్నాను. ఆ రోజు ఎవరూ లేరన్నది అబద్ధం. మీరు బయటికి రావడం చూడకుండానే అన్నాను. తప్పు నాది. ఆ మాట ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నా. రేపు ఇంజనీరు ముందు రాసిస్తా, వ్యాను లోపలికెళ్ళింది, బయటికి రాలేదని. మిమ్మల్ని వెతికిస్తా. అంతే గానీ మా వాణ్ణి మాత్రం ఇవ్వను. ఎంతసేపు నిలబడతారో నిలబడండి. నిలబడటంలో నన్ను మించినవాళ్ళు లేరు."

నిజంగానే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. చెయ్యి కదల్లేదు, బోర్డు కదల్లేదు. భుజాలు లాగేస్తున్నాయి. అటు చివర హారన్లు మోగి మోగి ఊరుకున్నాయి. ఎంతసేపో తెలియదు.

"అయిపోయింది," అన్నాడు తమ్ముడు. మంట ఆర్పి, ఫోన్ తీసి కరెంటాఫీసుకి చెప్పాడు. నిమిషం గడిచింది. గోడ వెంట వీధి దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతూ వచ్చాయి. గుమ్మంలో ఎవరూ లేరు. మోటారు మళ్ళీ మొదలైంది.

"ఎవరి మీదక్కా అంత అరుస్తున్నావ్? బోర్డు వదిలి రానన్నావుగా," అన్నాడు.

"నీతో మాట్లాడినవాళ్ళెవరు?"

"పక్క గ్యాంగు వాళ్ళనుకుంటా. మంట మీదే చూపు పెట్టాను, ముఖాలు చూడలేదు. వాళ్ళకి జాయింటరు లేడట, ఒక చిన్న జాయింటు ఉంది రమ్మన్నారు. పాపం అనిపించి, ఇది అయ్యాక ఎప్పుడైనా వస్తాలే అన్నా."

లాగి ఒక్కటి కొట్టాను. పెళ్ళాం పిల్లలున్న మనిషిని, చెంప మీద. కొట్టి, పట్టుకుని ఏడ్చాను. వాడు నోరెళ్ళబెట్టి చూశాడు.

మాటిచ్చినట్టే మర్నాడు ఇంజనీరమ్మకి రాసిచ్చాను. బాబాయ్ కూడా సంతకం పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివి, మమ్మల్ని తిట్టి, మలుపు దగ్గర ఇంకా లోతుగా తవ్వించింది. ఏమీ దొరకలేదు. రోడ్డు పూర్తయింది. ఎనిమిది వరసలు, నున్నగా. ఇప్పుడక్కడ మలుపే లేదు.

తమ్ముణ్ణి ఆ పని మానెయ్యరా అని బతిమాలాను. వింటేగా. వాడి మొండితనం ఎవరి పెంపకమో నాకు తెలుసు కాబట్టి గట్టిగా అనలేకపోయాను. వేరే ఊళ్ళో ఇంకో రోడ్డు పనికి వెళ్ళాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు.

ఇవాళ సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఫోన్ మోగింది.

"అక్కా, చెప్పకుండా వచ్చేశావేంటి!" నవ్వుతున్నాడు.

"ఎక్కడికి రా?"

"బాగుంది నాటకం. ఇప్పుడే జాయింటు ముగించి గోతిలోంచి పైకొచ్చా. రోడ్డు చివర బోర్డు పట్టుకుని నిలబడ్డావుగా, కనపడట్లేదనుకున్నావా? పచ్చ వైపు తిప్పి రమ్మంటున్నావు. వస్తున్నా, సామాను తీసుకోనీ."

గరిటె చేతిలోంచి జారిపోయింది. "ఒరే, ఆగు. ఉన్నచోటే నిలబడు. నేను ఇంట్లో ఉన్నాను. అది నేను కాదు."

వాడి అడుగుల చప్పుడు ఆగింది. నవ్వు ఆగింది.

అప్పుడు ఫోన్లో, వాడికి బాగా దగ్గరగా, ఇంకో గొంతు వినపడింది. నా గొంతు.

"పెట్టెయ్ రా ఆ ఫోను. అది నేను కాదు."

పొయ్యి ఆర్పానో లేదో గుర్తు లేదు. తలుపు వెనకున్న బోర్డు చంకలో పెట్టుకుని బస్టాండుకేసి పరిగెత్తాను. "కదలకు రా, వస్తున్నా, కదలకు," అంటూనే ఉన్నాను. వాడు జవాబివ్వలేదు. ఫోను పెట్టనూ లేదు. బస్సెక్కాక చెవి ఆనించి విన్నాను. అటువైపు ఊపిరి వినపడుతోంది. ఇద్దరిది.